వెనక్కి లాగే ఉద్యోగం

ఆదివారం మధ్యాహ్నం టొలీడోలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ కాజ్ డ్రోజ్డ్ కనిపించేవాడు. మనిషి కాదు, చెయ్యి. బార్జర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పెద్ద కోచ్ రాయిస్ టిడ్వెల్ మైదానం అంచున నిలబడి రిఫరీల తాతముత్తాతలను తలుచుకుంటూ ఉంటే, ఆయన నడుం వెనక నుంచి ఒక మోటు చెయ్యి ఆయన్ని పట్టుకుని కనిపించేది. ఆ చెయ్యి కాజ్‌ది. కోచ్ ఆవేశంలో తెల్లగీత దాటి లోపలికి అడుగుపెడితే జట్టుకు పదిహేను గజాలు కోత పడుతుంది. అందుకని ఆయన్ని వెనక్కి లాగి ఉంచడానికి ఒక మనిషి కావాలి. ఏ జట్టులో చూసినా ఆ మనిషి కసరత్తు గదిలో పనిచేసే అసిస్టెంటే. ఆట నాడు బరువులు ఎత్తించేది ఎవరి చేత? ఊరికే నిలబడి ఉండేవాడు వాడొక్కడే, ఒంట్లో బలం కూడా ఉంది, పట్టుకోమనండి అన్నారు.

అలా ముప్పై అయిదేళ్ళు ఆటగాళ్ళ మెడలకూ భుజాలకూ తొడలకూ బలం పోసిన మనిషి, ఆఖరికి ఇంకొకడి పిరుదుల వెనక నిలబడే ఉద్యోగానికి వచ్చాడు. టిడ్వెల్ పొద్దుతిరుగుడు గింజలు నమిలి పొట్టు ఎటు పడితే అటు ఉమ్మేవాడు. గాలి ఊరి పక్కనున్న సరస్సు వైపు నుంచి వీస్తే ఆ పొట్టంతా కాజ్ మొహాన పడేది. ఒక్కనాడైనా వెనక్కి తిరిగి "అయ్యో" అన్న పాపాన పోలేదు ఆ మహానుభావుడు.

ఇంటికి వెళ్తే అక్కడ భార్య ఐరీనా కాచుకుని ఉండేది.

"ఇవాళ టీవీలో బాగా కనిపించావయ్యా. మా అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది, మీ ఆయన మోచెయ్యి భలే ఉందే అని."

"నోర్మూసుకుని తిండి పెట్టు."

"పెళ్ళినాడు నా చెయ్యి కూడా అంత గట్టిగా పట్టుకోలేదు నువ్వు. ఆయనగారిదేం అదృష్టమో."

ఎంత ఎగతాళి చేసినా, ఆ పట్టీ కుట్టిచ్చింది మాత్రం ఐరీనాయే. మొదటి ఏడాది కాజ్ లాగిన లాగుడికి టిడ్వెల్ బెల్టు పటుక్కున తెగింది. ప్యాంటు జారబోయింది. దేశమంతా నవ్వింది. మర్నాడు కాజ్ తన పాత తోలుపట్టీ, కుర్రతనంలో బరువులెత్తేటప్పుడు నడుముకు బిగించుకున్నది, అటక మీద నుంచి తీసి నిలువునా సగానికి కోశాడు. ఐరీనా దబ్బనంతో దానికి ఒక పిడి కుట్టింది. అప్పటి నుంచి టిడ్వెల్ కోటు కింద అది కట్టుకునేవాడు, కాజ్ ఆ పిడి పట్టుకునేవాడు. తాను పోటీల్లో గెలిచిన నాటి పట్టీ అది. దాన్ని ఆ చెమట నడుముకు చుట్టిన ప్రతిసారీ కాజ్‌కు ఒళ్ళు జలదరించేది.

అతను ఈ జట్టులోకి వచ్చింది పంతొమ్మిదివందల డెబ్భైల్లో. అంతకుముందు గాజు ఫ్యాక్టరీలో పెట్టెలు మోసేవాడు, సాయంత్రాలు పోలిష్ వాళ్ళ చర్చి కింద గదిలో బరువులెత్తేవాడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ వాళ్ళకు బరువులంటే హడలు. కండలు బిగుసుకుపోయి ఆటగాడు కొయ్యబొమ్మ అయిపోతాడని పెద్ద పెద్ద కోచ్‌లే నమ్మేవాళ్ళు. ఎక్కడో ఒక జట్టు ఇనుము ఎత్తి గెలిచిందనేసరికి అందరికీ ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. బార్జర్స్ వాళ్ళు బక్ హార్గిస్ అనే మాజీ సైనికుణ్ణి కసరత్తు కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆయనకు ఇనుప చక్రాలు మోయడానికి ఒక మనిషి కావలసి వచ్చి కాజ్‌ను పెట్టుకున్నారు. స్టేడియం కింద, బాయిలర్ పక్కన, ఎలకలు కాపురం చేసే సామాన్ల గదిని వాళ్ళకు పడేశారు.

మొదటి రోజే హార్గిస్ అతని చేతికి బ్రష్షు, ఎర్రరంగు డబ్బా ఇచ్చి గోడ నిండా ఒక మాట రాయించాడు: "ఎత్తు, లేదా దయచెయ్." ఆ రోజు నుంచి ఇది ఆ గది ఆచారమైపోయింది. కొత్త కసరత్తు కోచ్ వచ్చిన ప్రతిసారీ పాత మాట చెరిపి తన మాట రాయించేవాడు. రాసేది అసిస్టెంటు.

గోడ రంగు కాక, అసిస్టెంటు పనిలో ఇంకో భాగం బకెట్లు. హార్గిస్ లెక్కలో వాంతి చేసుకోనివాడు కష్టపడనట్టే. ఆ గదిలో నాలుగు మూలలా నాలుగు బకెట్లు ఉండేవి, వాటిని కడిగేది కాజ్. "ఇవాళ ఎన్ని నిండాయిరా?" అని హార్గిస్ అడిగి, నిండాయంటే చేతులు రుద్దుకునేవాడు. మనిషి కక్కితే సంతోషించే మనిషిని కాజ్ అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత మాత్రం చాలామందినే చూశాడు.

బకెట్లను సహించాడు గానీ బిళ్ళలను సహించలేకపోయాడు. ఎండాకాలం శిక్షణ శిబిరంలో పొద్దున టిఫిన్ బల్లల మీద, గుడ్ల పళ్ళెం పక్కన, ప్రతి ఆటగాడికీ ఒక చిన్న కాగితపు కప్పు, అందులో నీలం బిళ్ళ ఒకటి పెట్టేవాళ్ళు. విటమిన్లని చెప్పేవాళ్ళు. ఆ విటమిన్లు మింగినవాళ్ళు ఆరు వారాల్లో ఎద్దుల్లా తయారయ్యారు, చీటికీమాటికీ తలుపులు గుద్ది విరగ్గొట్టారు. ఒకరోజు హార్గిస్ ఆ పళ్ళేన్ని కాజ్ చేతిలో పెట్టాడు.

"పంచిరా."

కాజ్ దాన్ని బల్ల మీద పెట్టేశాడు. "మీరే పంచుకోండి కోచ్. నేను చక్రాలు మోస్తా."

"ఓహో! అయ్యగారు చర్చికి పోయేరకమా?"

"కాదండీ. మా వదిన నర్సు. అవేంటో చెప్పింది."

హార్గిస్ పగలబడి నవ్వి, పళ్ళెం వంటవాడికి ఇచ్చాడు. అంతే, గొడవేమీ జరగలేదు. కానీ ఆ రోజుతో కాజ్‌కు ఒక ముద్ర పడిపోయింది: ఇతను మనవాడు కాదు. హార్గిస్ వెళ్ళాక ఆ కుర్చీ కాజ్‌కు రాలేదు. ఆ తర్వాత వచ్చినవాడు వెళ్ళాకా రాలేదు. పై నుంచి ఎవడో ఒకడు దిగేవాడు, కాజ్ బ్రష్షు అందుకునేవాడు.

ఆ బిళ్ళలు మింగినవాళ్ళలో డచ్ ఓకర్లుండ్ అని ఒకడుండేవాడు. బంగారంలాంటి మనిషి. కాజ్ పిల్లలకు చేపలు పట్టడం నేర్పింది వాడే. ఆట మానేసిన కొన్నేళ్ళకు ఇంటి ముందు మంచు తీస్తూ, పార చేతిలో ఉండగానే కూలిపోయాడు. గుండె ఎద్దు గుండెంత పెరిగిందట. చావుకు జట్టు ఆఫీసు నుంచి పూలు వచ్చాయి. చామంతులతో ఫుట్‌బాల్ చేసి, దాని మీద తెల్లదారంతో కుట్లు కూడా దిద్ది పంపారు. ఓకర్లుండ్ భార్య దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాజ్ లేచి వెళ్ళి ఆ పూలబంతిని ఆమె ఒళ్ళోంచి తీసి, చర్చి వెనక చెత్తడబ్బాలో కుక్కి వచ్చాడు.

గోడ మీద మాటలు మారుతూనే ఉన్నాయి. యంత్రాల పిచ్చివాడొకడు వచ్చి ఇనుప చక్రాలన్నీ తుక్కుకింద అమ్మేసి "యంత్రం అబద్ధమాడదు" అని రాయించాడు. వాడు పోయాక గొలుసులూ లారీ టైర్లూ తెచ్చిన అరుపుల మనిషి వచ్చి "నొప్పి నీ చుట్టం" అని రాయించి, అమ్మేసిన చక్రాలను మళ్ళీ కొనిపించాడు. ఎన్ని పూతలు పూసినా కింద నుంచి హార్గిస్ ఎర్రరంగు పైకి తేలేది. "నొప్పి నీ చుట్టం" లోంచి "దయచెయ్" మసగ్గా కనిపిస్తూ ఉండేది. చుట్టాన్ని పొమ్మంటున్నట్టుందని ఆటగాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ ఒక్క విషయంలో మాత్రం కాజ్ కూడా నవ్వాడు.

ఇంత రోత పుట్టాక ఎందుకున్నాడయ్యా అంటే, మెడల కోసం.

మెడ పని ఎవడికీ పట్టేది కాదు. ఛాతీ పెంచితే అద్దంలో కనిపిస్తుంది, చేతులు పెంచితే ఆడపిల్లలు చూస్తారు, మెడ పెంచితే చొక్కా పట్టదు. అందుకని ఎవరొచ్చినా ఆ పని కాజ్‌కే వదిలేశారు. అతను ఆటగాణ్ణి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, తల చుట్టూ తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని కిందికి లాగేవాడు. ఆటగాడు తల పైకెత్తాలి. తర్వాత ఎడమకు, తర్వాత కుడికి. కొత్తగా వచ్చిన పిల్లలు మొదట్లో వెక్కిరించేవాళ్ళు. "పెద్దాయనా, నన్ను గేదె అనుకుంటున్నావా, పలుపేసి లాగుతున్నావ్?" అనేవాళ్ళు. మొదటిసారి తలలు ఢీకొని లేచి నిలబడగలిగాక మళ్ళీ ఎవరూ వెక్కిరించలేదు. తలకాయలతో కుమ్ముకునే ఆటలో ఈ ఒక్క పనే మర్యాదైన పని అని కాజ్ నమ్మకం. మిగతాదంతా దున్నలను మేపి సంతకు తోలడమే అనేవాడు.

బ్రాంట్ కీలర్ ముప్పై ఏళ్ళవాడు. అరుపుల మనిషి తర్వాత కసరత్తు కోచ్‌గా వచ్చాడు. గోడ మీద "అంకెలే నిజం" రాయించాడు. ఆటగాళ్ళ బనీన్లలో ఏవో చిన్న కొలత పరికరాలు కుట్టించి, ఎవడు ఎంత పరిగెత్తాడో, ఎవడి గుండె ఎంత కొట్టుకుందో పలక లాంటి కంప్యూటర్‌లో చూసుకుంటూ తిరిగేవాడు. మర్యాదస్థుడే. కాజ్‌ను "సర్" అనేవాడు. ఆ "సర్" వినిపించినప్పుడల్లా కాజ్‌కు తనను ఎవరో దుమ్ము దులిపి అలమరలో పెట్టినట్టుండేది.

ఆ కాలంలోనే లవెల్ ప్రూయిట్ జట్టులో ఉండేవాడు. అలబామా నుంచి వచ్చిన నల్లకుర్రాడు, కొండంత మనిషి, బంతి విసిరేవాడికి ముందు గోడలా నిలబడే అయిదుగురిలో ఒకడు. ఆటకు ముందు ప్రతి గురువారం కాజ్ ఇంటికి వచ్చి ఐరీనా చేసిన పియెరోగీలు, బంగాళాదుంప కూరిన ఆ కుడుములు, బాండీతో సహా తినేసేవాడు. మూడేళ్ళ కూతురు ఇమానిని చంకనేసుకుని వచ్చేవాడు. ఎప్పుడూ ఎడమ చంకనే. కుడిచెయ్యి తిండికి కావాలి కదా.

నవంబర్‌లో ఒక ఆటలో అతని ఎడమచెయ్యి చచ్చుబడింది. మెడలోంచి వేళ్ళదాకా మంట పాకి, చెయ్యి కాసేపు తనది కానట్టు వేలాడింది. అది పోయిందనుకుంటే మళ్ళీ వచ్చింది. జట్టు డాక్టరు మెడను లోపల ఫోటో తీయించాలన్నాడు, రెండు వారాలు ఆడకూడదన్నాడు. టిడ్వెల్ డాక్టర్ని తన గదికి పిలిపించుకున్నాడు. బయటికొచ్చాక డాక్టరు "కుర్రాడికి ఇష్టమైతే ఆడొచ్చు" అన్నాడు. తలుపు అవతల ఏం జరిగిందో గానీ, ఆయన మాత్రం ఎవరి మొహమూ చూడకుండా కారెక్కాడు.

ఇందులో రహస్యమేమీ లేదు. కట్లు కట్టే గ్రబ్‌కు తెలుసు, కీలర్‌కు తెలుసు, బట్టలుతికేవాళ్ళకు కూడా తెలుసు. శుక్రవారం కసరత్తు గదిలో లవెల్ ఎడమచేతిలోని ఇనుపగుండు జారి నేల మీద పడింది. గదిలో అందరూ చూశారు. అందరూ ఒకేసారి తమ తమ బరువుల వైపు తల తిప్పుకున్నారు. ఆ తలలు తిప్పుకోవడం చూసి కాజ్‌కు హార్గిస్ వాంతి బకెట్లు గుర్తొచ్చాయి.

మెడ బల్ల మీద లవెల్ మొహం కిందికి పెట్టుకుని పడుకుని, ఎవరికీ వినపడకుండా మాట్లాడాడు.

"పెద్దాయనా, ఒక్క మాట."

"చెప్పు."

"ఆదివారం మళ్ళీ చచ్చుబడితే నేను బయటికి రాలేను. నా అంతట నేను వస్తే పిరికోడంటారు. ఈ ఏడుతో కాంట్రాక్టు అయిపోద్ది. పిరికోణ్ణి ఎవడూ పెట్టుకోడు."

"చచ్చినోణ్ణి పెట్టుకుంటారా?"

"నువ్వు చెప్పు. వాళ్ళకి నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నేను చెప్పినట్టు కాదు."

కాజ్ తువ్వాలు కొసలు వదిలేశాడు. ఆ రోజు లాగలేదు. "చెప్తాను" అన్నాడు.

శనివారం పొద్దున్నే కీలర్ దగ్గరికి వెళ్ళాడు. కీలర్ పలక తిప్పి చూపించాడు.

"సర్, అంకెలు బాగున్నాయండీ. నిద్ర బాగుంది, గుండె బాగుంది."

"చెయ్యి పనిచెయ్యట్లేదయ్యా."

"దానికి కొలత లేదు సర్ నా దగ్గర."

"నిన్న గుండు జారిపడినప్పుడు నీ కళ్ళెక్కడున్నాయి?"

కీలర్ చెవులు ఎర్రబడ్డాయి. చెడ్డవాడు కాదు, భయస్థుడు. "పెద్ద కోచ్‌తో మాట్లాడండి సర్. నా చేతుల్లో లేదు" అన్నాడు. కాజ్ అక్కడి నుంచి టిడ్వెల్ గదికి వెళ్ళాడు. టిడ్వెల్ బల్ల మీద కాళ్ళు బారజాపి గింజలు నములుతున్నాడు. కాగితపు కప్పులో సగందాకా పొట్టు. కాజ్ విషయం చెప్పేదాకా విన్నాడు, వినడం అయ్యాక కప్పులో ఉమ్మాడు.

"కాజ్, ఈ జట్టులో నీ పనేంటి?"

"మెడలు చూస్తాను కోచ్."

"ఆదివారం?"

కాజ్ ఆ కప్పు వైపు చూశాడు.

"ఆదివారం నీ పని నన్ను వెనక్కి లాగడం. అవునా? నిన్ను మెడల గురించి అడిగానా? లేదు. ఇది గెలిస్తే పైమెట్టు ఆటలకు వెళ్తాం. నీ పని నువ్వు చూసుకో. లాగు. గట్టిగా లాగు. అంతకు మించి నోరు తెరవకు."

ఇంట్లో ఆ రోజు కాజ్ అన్నం ముట్టలేదు. ఐరీనా ఎగతాళి చెయ్యలేదు. "రేపు వెళ్ళకు. ఒంట్లో బాగాలేదని చెప్పెయ్" అంది. "నేను వెళ్ళకపోతే ఆ పిల్లాడు ఎవరి మొహం చూస్తాడే?" అన్నాడు. ఆమె పట్టీ తీసుకుని, కుట్లు వదులయ్యాయేమోనని చూసి, పిడి దగ్గర ఇంకో రెండు పోగులు వేసింది.

ఆదివారం సరస్సు మీద నుంచి గాలి చర్మం ఒలిచేస్తోంది. స్టేడియం కిటకిటలాడింది. మూడో భాగందాకా ఆట సమానంగా సాగింది. టిడ్వెల్ గీత దగ్గర గంతులు వేస్తున్నాడు, కాజ్ పిడి పట్టుకుని వెనక నిలబడ్డాడు. అప్పుడు లవెల్ తల వంచి ఎదుటివాణ్ణి ఢీకొట్టాడు. కుప్పలోంచి అందరూ లేచారు. లవెల్ కూడా లేచాడు. ఎడమచెయ్యి మాత్రం లేవలేదు. తడిసిన బట్టలా భుజం నుంచి వేలాడుతోంది. తూలుతూ గీత వైపు నాలుగడుగులు వేశాడు. అప్పటికే గ్రబ్ అతని వైపు పరిగెడుతున్నాడు.

గ్రబ్ కంటే ముందు టిడ్వెల్ అందుకున్నాడు. లవెల్ శిరస్త్రాణం ముందున్న ఇనుప చువ్వలు పట్టుకుని, మొహం మొహానికి ఆనించి అరిచాడు.

"ఊపిరి పీల్చుకో! ఇంకొక్క విడత! ఒక్కటి! నువ్వు ఆడదానివా? వెళ్ళు!"

చువ్వలు పట్టి మెడను ఊపుతున్నాడు. ఆ మెడను. లవెల్ తనంతట తాను చాలు అనలేడు. టిడ్వెల్ భుజం మీదుగా వెనక నిలబడ్డ కాజ్ వైపు చూశాడు.

కాజ్ రెండో చెయ్యి కూడా పిడి మీద వేశాడు. మడమలు నేలలో దిగ్గొట్టి, మోకాళ్ళు వంచి, ముప్పై అయిదేళ్ళుగా వేలమంది పిల్లలకు నేర్పినట్టు నడుం నిటారుగా పెట్టి వెనక్కి లాగాడు. టిడ్వెల్ చేతుల్లోంచి చువ్వలు జారిపోయాయి. ఇద్దరూ వెనక్కి వెల్లకిలా పడ్డారు, కాజ్ కింద, టిడ్వెల్ పైన. గింజల సంచీ చినిగి ఇద్దరి మీదా పడింది.

"వదలరా ముసలి వెధవా! వదులు!"

"మీరే చెప్పారు కోచ్" అన్నాడు కాజ్, ఆయన చెవి పక్కనే. "గట్టిగా లాగమన్నారు."

"చంపేస్తా నిన్ను!"

"నన్ను చంపుకోండి. వాణ్ణి వదిలెయ్యండి."

టిడ్వెల్ కాళ్ళు కొట్టుకున్నాడు, మోచేత్తో పొడిచాడు. కాజ్ పెదవి పగిలింది. పిడి మాత్రం వదల్లేదు. గ్రబ్ ఆ సందులో లవెల్ తలనుంచి శిరస్త్రాణం ఊడదీసి, బెంచీ మీద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. అది లేనివాణ్ణి మైదానంలోకి ఎవడూ పంపలేడు. గ్రబ్ కూర్చోవడం కళ్ళారా చూశాకే కాజ్ వేళ్ళు విప్పాడు.

లవెల్ చోటికి వెళ్ళిన కుర్రాడు మొదటి దెబ్బకే పక్కకు తూలాడు. బంతి విసిరేవాడు నేలకరిచాడు, బంతి అవతలివాళ్ళకు చిక్కింది. ఆట పోయింది, పైమెట్టు పోయింది. కాజ్ లోపలికి వెళ్తుంటే పైనుంచి బీరు పోశారు. "పోలిష్ కుక్కా" అని అరిచినవాళ్ళలో సగంమంది పోలిష్ వాళ్ళే. పక్క వీధివాళ్ళు కూడా ఉన్నారు.

మర్నాడు పొద్దున కీలర్ కసరత్తు గదిలో తాళంచెవి అడిగి తీసుకున్నాడు. కళ్ళెత్తలేదు. "వ్యక్తిగత కారణాలతో మానేశారని పేపర్లో వేస్తారు సర్" అన్నాడు.

"ఎవరి వ్యక్తిగతం?"

కాజ్ గోడ వైపు చూశాడు. "అంకెలే నిజం" కింద నుంచి హార్గిస్ ఎర్ర అక్షరాలు అప్పుడే పైకి తేలడం మొదలుపెట్టాయి. "దయచెయ్." ముప్పై అయిదేళ్ళ కిందట తన చేత్తో తానే రాసుకున్న వీడ్కోలు అది. రెండు తువ్వాళ్ళు మాత్రం మడిచి చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

ఆ తర్వాత జరిగింది ఇంకా రోత. కోచ్ వెల్లకిలా పడ్డ ముక్కను టీవీ వాళ్ళు కోసి, సర్కస్ సంగీతం జతచేసి, నవ్వుల కార్యక్రమంలో వేశారు. మొదటి నుంచి చూపిస్తే లవెల్ మొహం కనిపిస్తుంది కదా, అది కోసేశారు. మిగిలిందల్లా ఒక ముసలాడు, ఒక కోచ్, ఎగిరిన కాళ్ళు, చెల్లాచెదురైన గింజలు. కిరాణా కొట్టుకు పోతే సరుకులు కట్టే అమ్మాయి కూడా "అంకుల్, మీరే కదా!" అని నవ్వేది. ఎందుకు లాగావని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. టిడ్వెల్ బెల్టు పట్టుకోవడానికి ఇంకో కుర్రాణ్ణి పెట్టుకున్నారు. వాడికి కొత్త పట్టీ కొన్నారు. పాతది ఇంటికి పంపనూ లేదు.

లవెల్ రాలేదు. ఫోన్ కూడా లేదు. వేరే ఊళ్ళో ఎవరో డాక్టరు అతని మెడ కోసి ఎముక సరిచేశాడని, ఇక ఆడకూడదన్నాడని గ్రబ్ చెప్పాడు. ఇంకో దెబ్బ తగిలి ఉంటే మెడ కింద నుంచి ఏదీ కదిలేది కాదన్నాడట. గురువారాలు ఐరీనా అలవాటు కొద్దీ బాండీ నిండా పియెరోగీలు చేసేది. అవి మిగిలిపోయేవి. "ఒక్క మాట చెప్పడానికి కూడా రాడా?" అని కాజ్ ఆమెను తిట్టేవాడు, ఆమెదేదో తప్పయినట్టు.

మే నెలలో ఒక గురువారం లవెల్ కారు వాకిట్లో ఆగింది. కాజ్ గరాజులో ఉన్నాడు. లవెల్ వెనక తలుపు తీసి, వంగి, కూతుర్ని బయటికి తీసి, తలుపు కాలితో తన్ని మూసి, నేరుగా మీదికి వచ్చాడు. మెడ మీద కొత్త మచ్చ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను నిన్ను చెప్పమన్నాను! లాగి కింద పడెయ్యమన్నానా? అరవై వేలమంది ముందు! ఏ జట్టూ ఫోన్ ఎత్తట్లేదు. సర్కస్ జట్టోడు అంటున్నారు నన్ను. ఆట తప్ప నాకేం వచ్చు? చెప్పు! ఏం చేసుకు బతకాలి నేను?"

"చెప్పాను రా. శనివారమే చెప్పాను. ఇద్దరికి చెప్పాను."

"చెప్పి?"

"ఎవడూ వినలేదు."

"అయితే నువ్వు ఊరుకోవాల్సింది! నా మెడ, నా ఇష్టం! నువ్వెవడివి?"

ఐరీనా వంటింటి తలుపులోంచి చూసి, మాట్లాడకుండా లోపలికి పోయి, పళ్ళెం పట్టుకొచ్చి గరాజు బల్ల మీద పెట్టింది. ఇమాని చెయ్యి చాపి ఒక పియెరోగీ అందుకుని తినడం మొదలుపెట్టింది. లవెల్ అరుస్తూనే ఉన్నాడు. ఎంతసేపని అరిచాడో. హార్గిస్‌నూ టిడ్వెల్‌నూ ఆ డాక్టర్నీ కలిపి తిట్టాల్సిన తిట్లన్నీ కాజ్‌ను తిట్టాడు. కాజ్‌కు అందులో సగం కూడా వినపడలేదు. అతని చూపు ఒకే చోట ఆగిపోయింది.

లవెల్ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"పాపను ఎప్పటి నుంచి మోస్తున్నావు?" అన్నాడు కాజ్.

"ఏంటి?"

"ఎప్పటి నుంచి?"

లవెల్ కిందికి చూశాడు. ఇమాని అతని ఎడమచెయ్యి మీద కూర్చుని, మూతి నిండా వెన్న పూసుకుని, రెండో పియెరోగీ కోసం వంగుతోంది. ఇంత అరుపులోనూ ఆ చెయ్యి వణకలేదు, పిల్ల జారలేదు. వేళ్ళు ఆమె గౌనును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

లవెల్ తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాపను కిందికి దించలేదు. కుడిచేత్తో పళ్ళెం దగ్గరికి జరుపుకున్నాడు.

"నిన్ను క్షమించలేదు" అన్నాడు, నోటి నిండా పెట్టుకుని.

"తిను" అన్నాడు కాజ్.